దయచేసి విమానాన్ని మెల్లగా నడపండి

దూరప్రయాణాల విమానాలు మరీ వేగంగా పోతున్నాయి. ఇది నా స్థిరమైన అభిప్రాయం. వాటి వేగం సగానికి తగ్గించాలి. అది కుదరకపోతే ఊళ్ళనైనా ఇంకాస్త దూరం జరపాలి!

నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను. పదకొండు వేల కిలోమీటర్ల అవతలున్న ఊరికి ఇప్పుడు డైరెక్ట్ ఫ్లైటట! ఇదివరకు మధ్యలో ఒక ఊళ్ళో దిగి, అక్కడ పడిగాపులు పడి, ఇంకో విమానం ఎక్కి, ఒళ్ళు హూనమయ్యాక చేరేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడ ఎక్కి కూర్చుంటే అక్కడే దించుతారట. పేపర్లో సగం పేజీ ప్రకటన వేశారు. ‘మీ విలువైన తొమ్మిది గంటలు ఆదా’ అని బొమ్మతో సహా రాశారు. ఆదా చేసిన ఆ తొమ్మిది గంటల్ని ఎక్కడ దాచారో, మనకెప్పుడు ఇస్తారో మాత్రం రాయలేదు. నేను కింద చీమల్లా ఉన్న అక్షరాలతో సహా చదివాను.

దీని గురించి మాట్లాడటానికి నీకేం అర్హత ఉందని మీరు అడగొచ్చు. తప్పకుండా అడగండి. గంట దాటి నేనెప్పుడూ విమానంలో కూర్చోలేదు. నాకూ మా ఆవిడకీ అంత దూరం వెళ్ళి చూడాల్సిన మనిషంటూ ఎవరూ లేరు. కాబట్టి నాకు ఏ పక్షపాతమూ లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాళ్ళనొప్పుల గురించి మాట్లాడతారు. అసలు విషయం నాలాంటివాడికే కనపడుతుంది.

అసలు విషయం ఏమిటంటే, ఈ కాలంలో మనిషికి దక్కిన మహాభాగ్యం సుదీర్ఘ విమానప్రయాణమే.

మీరే ఆలోచించండి. నేలమీద ఎప్పుడైనా మిమ్మల్ని ఎవరైనా ‘కూర్చోండి, లేవకండి’ అని దీపం వెలిగించి మరీ బతిమాలారా? ఇంట్లో కూర్చున్న మరుక్షణం ఎవరో ఒకరు లేపుతారు. గ్యాస్ వాడు వస్తాడు, కొరియర్ వాడు వస్తాడు, కాలింగ్ బెల్ దానంతటదే మోగుతుంది. విమానంలో లేస్తే తప్పు, కూర్చుంటే మర్యాద! ఆపైన, ఏం తింటారో అడిగి చేతికిస్తారు. తిన్న పళ్ళెం వాళ్ళే తీసుకుపోతారు. ముప్ఫై ఏళ్ళు వంట చేసిన ఆడమనిషి జీవితంలో మొదటిసారి ‘ఇంకేమైనా కావాలా మేడమ్’ అనే మాట వినేది అక్కడే.

ఎదురుగా తెరమీద ఒక మ్యాపు. దాని మీద చిన్న బొమ్మ విమానం. ఇంకా ఎంత దూరముందో, ఎంతసేపు పడుతుందో అదే చెబుతుంది. ఆలస్యమైతే మనల్ని ఎవరూ అనరు! ఇంట్లో ఈ సౌకర్యం ఉందా? ‘ఎంతసేపట్లో వస్తారు’ అని ఫోన్ చేస్తే ‘ఐదు నిమిషాల్లో’ అంటాం. ఆ ఐదు నిమిషాలకి మ్యాపు ఏదండీ?

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పట్నుంచీ మా ఆవిడ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, నిలబడి, వెళ్ళిపోయింది. ఏదో చెప్పాలనుకుంటోంది. రాయడం అయ్యాక వింటానన్నాను. పైకి చదువుకుంటూ రాసే అలవాటు నాది, మధ్యలో మాట పడితే వరస తప్పుతుంది. పైగా ఇది ప్రజాప్రయోజనానికి సంబంధించిన పని కదా.

ఇక సాక్ష్యాల దగ్గరికి వద్దాం. మా అక్క, మా బావగారు.

బావగారిది కళ్ళద్దాల షాపు. కళ్ళు పరీక్ష చేస్తారు, అద్దాలు అరగదీస్తారు, ఫ్రేములో బిగించి ముక్కుమీద పెట్టి పంపిస్తారు. పొద్దున్న పదింటికి తెరిస్తే మళ్ళీ ఊళ్ళో దుకాణాలన్నీ మూశాకే ఆయన షట్టర్ దించేది. బోర్డుమీద షాపు పేరు కింద ‘సెలవు లేని షాపు’ అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నారు. అది ఆయనకి బిరుదులాంటిది. జనానికి ఆదివారాలే తీరిక కాబట్టి ఆదివారం మరీ రద్దీ.

మా అక్కది హాస్పిటల్లో రక్తపరీక్షల ల్యాబు. పరగడుపున సూది గుచ్చించుకోవాల్సిన వాళ్ళంతా తెల్లారేసరికి వరసలో నిలబడతారు. అంటే బావగారు ఇంకా ముసుగులో ఉండగానే అక్క ఇల్లు కదలాలి. ఆయన వచ్చేసరికి ఈవిడ నిద్రలో ఉంటుంది. అక్కకి వారంలో సెలవు మంగళవారం. ఆ రోజు వారం నిద్రంతా తీర్చుకుని ఆవిడ లేచేసరికి బావగారు షాపులో ఉంటారు.

పోట్లాటలా? లేవు. పోట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒకేచోట ఉండాలిగా! ఒకరు తాగిన కాఫీ కప్పు సింకులో చూసి ‘ఓహో, ఉన్నారన్నమాట’ అని ఇంకొకరు సంతోషించే కాపురం అది. కూతురు పక్కూళ్ళో ఉద్యోగం చేసుకుంటూ హాస్టల్లో ఉంటుంది. ఎప్పుడైనా వస్తే అమ్మని ఒక పూట, నాన్నని ఒక పూట చూసి పోతుంది.

మరి ఇంటి సంగతులు ఎప్పుడు మాట్లాడుకుంటారు? అక్కడే ఉంది మన విమానం గొప్పతనం.

బావగారి పెద్దక్క ఆ పదకొండు వేల కిలోమీటర్ల అవతలి ఊళ్ళో ఉంటుంది. ఏడాదికోసారి తమ్ముడి మొహం చూడకపోతే ఆవిడకి అన్నం సయించదు. కాబట్టి ఏడాదికోసారి షాపు మూసి, ల్యాబుకి సెలవు పెట్టి ఇద్దరూ బయల్దేరాల్సిందే. పెళ్ళయిన కొత్తలో ఏదో ఒక పేచీ వస్తే బావగారు చెప్పులేసుకుంటూ ‘విమానంలో మాట్లాడుకుందాంలే’ అన్నారట. అంతే, అది ఆ ఇంటి ఆచారమైపోయింది.

బాత్రూమ్ కుళాయి కారుతోందా? విమానంలో మాట్లాడుకుందాం. పక్కింటివాళ్ళు మన గోడకి వాళ్ళ ఏసీ బిగించారా? విమానంలో మాట్లాడుకుందాం. సోఫా మార్చాలా, అక్కర్లేదా? విమానంలో! కూతురు ఏం చదవాలన్నది కూడా మబ్బులమీదే తేలింది. పాపం ఆ పిల్ల కాలేజీ దరఖాస్తుకి చివరి తేదీ ముంచుకొస్తుంటే, అమ్మానాన్నల ప్రయాణం ఎప్పుడా అని క్యాలెండర్ చూసుకుంది.

దీనికో పద్ధతి కూడా ఏర్పడింది. మొదటి విమానంలో చిన్నచిన్న సంగతులు. కుళాయిలు, గోడలు, బంధువుల మాటలు. మధ్య ఊళ్ళో దిగాక ఒక పోట్లాట. అలిగి అక్క ఒకవైపు, బావగారు ఇంకోవైపు నడిచి వెళ్ళిపోతారు. కానీ ఎయిర్‌పోర్టులో ఎంత దూరం అలిగి వెళ్ళినా ఇద్దరూ మళ్ళీ అదే గేటుకి రావాలి కదా! వస్తారు. అప్పటికి కోపం చల్లారి, ఇద్దరికీ ఆకలేసి ఉంటుంది. రెండో విమానంలో పెద్ద సంగతి ఎత్తుతారు. అప్పటికి ఇద్దరూ అలిసిపోయి మెత్తబడి ఉంటారు గనక అదీ తేలిపోతుంది. దిగేసరికి ఇద్దరూ కొత్త దంపతుల్లా ఉండేవారని పెద్దక్కగారే చాలాసార్లు అన్నారు.

ఇన్ని సంసారాల్ని నిలబెడుతున్న ఆ రెండు విమానాల్ని కలిపి ఒకటి చేస్తారా? ఇదెక్కడి న్యాయం!

కిందటిసారి సంగతి చెబుతాను. అప్పటికి అక్క దగ్గర ఒక పెద్ద సంగతి సిద్ధంగా ఉంది. దాని మొదలు నాకు తెలుసు. ఒక మంగళవారం సాయంత్రం నేను ఫోన్ చేస్తే అక్క గొంతు బొంగురుగా వినపడింది. జలుబు చేసిందా అని అడిగాను. “జలుబు కాదురా. ఇవాళ నేను నోరు తెరవడం ఇదే మొదటిసారి,” అంది.

పొద్దున్నుంచి ఆ ఇంట్లో వాషింగ్ మెషిన్ తప్ప ఎవరూ మాట్లాడలేదు. అది కూడా బట్టలు అయిపోయాయని కూసి ఊరుకుంది. నేను ఏదో జోక్ వేశాను. అక్క నవ్వింది గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తరవాత ఒకరోజు తనే చెప్పింది. బావని మంగళవారాలు షాపు మూసెయ్యమని అడుగుతుందట. ఇంతేనా అన్నాను. అక్క నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. సెలవు లేని షాపుకి సెలవు పెట్టమనడం ఇంతేనా? ఆయన బిరుదు చెరిపెయ్యమనడమే కదా! ఇది కుళాయి లాంటి విషయం కాదు. మొదటి విమానంలో కదిపి, మధ్య ఊరి హాల్టులో నానబెట్టి, రెండో విమానంలో నెమ్మదిగా ఎత్తాలి. మొత్తం వరస అంతా ఆవిడ మనసులో వేసుకుంది.

సరిగ్గా అప్పుడే బావగారు భార్యని ఆశ్చర్యపరుద్దామనుకున్నారు.

మగవాళ్ళకి ఈ జబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో తెలీదు. ఏడాదంతా ఏమీ చెయ్యరు. చేసిన ఒక్కటీ ఆశ్చర్యపరచడానికే చేస్తారు! బావగారు డైరెక్ట్ ఫ్లైట్‌కి టికెట్లు తీసుకుని, వాటిని చేతికిస్తూ, “ఇక నీకు ఆ మధ్యలో పడిగాపులు లేవు. మోకాళ్ళ నొప్పులంటావుగా,” అన్నారు. ప్రేమగానే అన్నారు. అక్క టికెట్లు చూసి మంచంమీద కూలబడింది. ఆనందం పట్టలేక కూలబడిందనుకున్నారాయన.

“హాల్టు లేదా?” అని అడిగిందట చివరికి.

“అస్సల్లేదు,” అన్నారు బావగారు గర్వంగా.

ఆ సాయంత్రమే అక్క నాకు ఫోన్ చేసి, పదమూడు గంటల్లో ఏ సంగతి ఉంచాలిరా, ఏది తీసెయ్యాలి అని అడిగింది. అందులో భోజనాలకీ నిద్రకీ పోతే మిగిలేదెంత? ఏడాది కాపురాన్ని అంతలో కుక్కమంటే ఎలా? నాకు ఆ పూటే ఈ వ్యాసం రాయాలన్నంత కోపం వచ్చింది.

అంతటితో అయిపోలేదు. బావగారు లోకజ్ఞానం ఉన్నవారు. మూడు సీట్ల వరసలో కిటికీ సీటు ఒకటి, దారి పక్క సీటు ఒకటి తీసుకుని మధ్యది వదిలేశారు. మధ్య సీటు ఎవడూ కొనడు, ఖాళీగా ఉంటుంది, మనం విశాలంగా కూర్చోవచ్చు అని ఆయన లెక్క. ఆ లెక్క ప్రకారమే ఒక భారీ పెద్దమనిషి వచ్చి ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటూ ఇద్దరి మధ్యా సర్దుకున్నాడు. సీటు మార్చుకుందామంటే ఒప్పుకోలేదు. మధ్య సీటు అచ్చివచ్చిందట ఆయనకి!

ఇటు కిటికీ పక్కన అక్క, అటు దారి పక్కన బావగారు. మధ్యలో పర్వతం. అక్క ధైర్యం చేసి ఆ పర్వతం మీదుగా కుళాయి సంగతి ఎత్తింది. బావగారు జవాబు చెప్పేలోపు, వాషర్ మార్చండి మేడమ్ అని పెద్దమనిషి సలహా ఇచ్చాడు. సోఫా గురించి అడిగితే, ఉన్నదానికే బట్ట మార్పిస్తే సరిపోతుందని తీర్పు చెప్పాడు. ఏసీ గోడ విషయంలో పూర్తిగా పక్కింటివాళ్ళ పక్షం. ముప్పావుగంటలో మూడు కేసులూ కొట్టేశాడు. అక్క ఇక నోరు మూసుకుంది.

బావగారు మాత్రం హాయిగా ఉన్నారు. ఎందుకంటే ఆ విమానంలో ఇంటర్నెట్ ఉంది! ఒకప్పుడు విమానం లేస్తూనే ఫోన్లు చచ్చిపోయేవి. అది ఎంత గొప్ప కాలమో అప్పట్లో మనకి తెలీలేదు. బావగారు ఫోన్ తెరిచి తన షాపులోని కెమెరా పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. 

షాపు మూసి ఉందని మీకు ముందే చెప్పాను. మూసిన షాపులో ఏముంటుంది? దించిన షట్టర్. ఖాళీ కుర్చీ. గోడమీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా దిగే చార్టు. అవే ఫ్రేములు, అదే వరస. ఆ కదలని బొమ్మని బావగారు సముద్రం దాటుతున్నంతసేపూ చూశారు. పెద్దమనిషి కూడా కాసేపు వంగి చూసి, ఇది ఏం సినిమా అని అడిగాడు.

చివరికి పెద్దమనిషి బాత్రూమ్‌కి లేచాడు. ముందు పెద్ద క్యూ ఉంది. అక్క ఒక్క ఉదుటున మధ్య సీట్లోకి జరిగింది. ఏడాదంతా దాచుకున్న సంగతి, నానబెట్టే వ్యవధి లేదు, మెత్తబరిచే హాల్టు లేదు. ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే అనేసింది.

“ఏవండీ, మంగళవారాలు షాపు మూసేస్తే ఎలా ఉంటుంది?”

బావగారు ఫోన్ మీంచి తల తిప్పలేదు. “ఇప్పుడా? ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాంలే,” అన్నారు.

చూశారా! ఇంట్లో అడిగితే విమానంలో అంటారు, విమానంలో అడిగితే ఇంట్లో అంటారు. మరి మనిషి ఎక్కడ మాట్లాడాలి? రెక్కమీద కూర్చునా? 

పెద్దమనిషి తిరిగొచ్చాడు. అక్క మళ్ళీ కిటికీ పక్కకి జరిగి, దిగేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. బయట ఏముందే అని తరవాత నేనడిగాను. ఏమీ లేదురా, ఎండ, అంది. తెరమీద బొమ్మ విమానం మాత్రం బుద్ధిగా ముందుకి పోతూనే ఉందట. గమ్యం దగ్గరపడుతున్నకొద్దీ అక్కకి ఏడుపు వచ్చిందట. ఊరు దగ్గరికొస్తోందని ఏడ్చిన ప్రయాణికురాలు ప్రపంచంలో మా అక్క ఒక్కతే అయ్యుంటుంది.

పెద్దక్కగారు వీళ్ళని చూసి మొహం మాడ్చుకున్నారు. ఆవిడ తమ్ముడి ప్రేమని అతని కళ్ళకింద నల్లమచ్చలతో కొలుస్తుంది. ఎంత నలిగి వస్తే అంత అభిమానం! ఈసారి ఇస్త్రీ చొక్కా మడత చెడకుండా దిగాడు తమ్ముడు. పక్కవీధి నుంచి వచ్చినట్టున్నారేమిటర్రా అని ఆవిడ నిష్ఠూరంగా అంది. మరదలి మొహం చూసి ఆవిడకి ఏదో అనుమానం కూడా వచ్చింది గానీ, పెద్దమనసుతో ఏమీ అడగలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు అక్క బావగారికి చెప్పకుండా టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసింది. డైరెక్ట్ ఫ్లైట్ వద్దు, మార్చండి అంది. అక్కడున్న అమ్మాయికి ఓపిక ఎక్కువ. ఇంతకంటే త్వరగా వెళ్ళే విమానం లేదు మేడమ్ అని నచ్చజెప్పింది. త్వరగా ఎవరమ్మా వెళ్ళమన్నది, ఉన్నవాటిలో అన్నిటికంటే ఆలస్యంగా వెళ్ళేది చూడు, అంది అక్క. అవతల కీబోర్డు టకటకలాడింది. ఒకటుంది గానీ మధ్యలో చాలాసేపు ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది, మీకు ఇబ్బందవుతుందేమో అందట ఆ పిల్ల. అదే ఇవ్వు తల్లీ, ఇద్దరికీ పక్కపక్క సీట్లు, అని అక్క ఆ అమ్మాయిని మనసారా దీవించింది.

ఇక్కడ ఇంకో శాస్త్రీయ విశేషం మనవి చేస్తాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఊళ్ళ మధ్య దూరం ఒకటే. కానీ ఆ ఊరు మనకి తూర్పున ఉంది గనక తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి కొట్టి విమానాన్ని వెనక్కి తోస్తుంది. అందుకని కాస్త ఎక్కువసేపు పడుతుంది. ప్రయాణికులు ఆ గాలిని తిట్టుకుంటారు. అయ్యా, మీ కాపురం బాగుండాలని ఎవరూ పిలవకుండా వచ్చి పనిచేస్తున్న గాలి అది!

టికెట్లన్నీ అక్క చేతిలోనే ఉన్నాయి గనక మధ్య ఊళ్ళో దిగేదాకా బావగారికి సంగతి తెలీలేదు. తెలిశాక కాసేపు ఎగిరారు. అప్పటికే ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. గోడకున్న ప్లగ్గులో ఆయన ఛార్జరు దూరలేదు. ఆ దేశంలో బెజ్జాలు వేరే ఆకారంలో ఉన్నాయి. ఆ చివర దానికి సరిపడే పిన్ను అమ్మే చిన్న దుకాణం ఉందని ఎవరో చెబితే పరుగున వెళ్ళారు. అది మూసి ఉంది. ‘ఇవాళ సెలవు’ అని అట్టముక్క వేలాడుతోంది.

బావగారు చచ్చిన ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి అక్క పక్కన కూలబడ్డారు. ఒకదానికొకటి అతికించిన ఇనుప కుర్చీలు, ఎదురుగా పెద్ద అద్దం, అవతల కదలకుండా నిలబడ్డ విమానాలు.

“ఇంతమంది జనం తిరుగుతుంటే, షాపు మూసుకుని ఎక్కడికి పోయాడు వాడు?” అన్నారు.

“ఇంటికి పోయుంటాడు,” అంది అక్క.

బావగారు తల తిప్పి చూశారు. ఎన్ని వేల కళ్ళలోకో టార్చి వేసి చూసిన మనిషి. భార్య కళ్ళలోకి చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఇక అక్క ఆగలేదు. వరస లేదు, నానబెట్టడం లేదు.

“నేను పక్కన కూర్చుని ఉంటే, మూసిన షాపుని అంతసేపు చూశారు. వారానికి ఒక్కరోజు షాపు మూసి నన్ను చూడండి,” అంది.

ఆయన ఎదుటి విమానంలోకి సామాన్లు ఎక్కిస్తుంటే అటే చూస్తూ కూర్చున్నారు. “మూసి ఏం చేస్తాం?” అని అడిగారు కాసేపటికి. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలీక అడిగారు.

“ఏమీ చెయ్యం. ఇదిగో, ఇలాగే కూర్చుంటాం.”

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఈసారి ఎవరూ అలిగి ఎటూ నడవలేదు. చాలాసేపటికి గేటు పిలిచారు, ఎక్కారు. తినడానికి తెచ్చింది తిన్నారు. పళ్ళేలు తీసుకుపోయారు. ఎదురుగాలి ఎక్కువగా ఉంది, ఆలస్యమవుతుంది, క్షమించమని పైలట్ ప్రకటించాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఉసూరుమన్నారు. అప్పుడు బావగారు కిటికీ వైపు వంగి అక్కకి మాత్రమే వినపడేలా, “ఆ బోర్డు మళ్ళీ రాయించాలి,” అన్నారు.

అక్కకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఈ ముక్క నాకు చెబుతున్నప్పుడు మళ్ళీ వచ్చాయి. నాకూ వచ్చాయి గానీ, వ్యంగ్యం రాసేవాణ్ణి కాబట్టి బయటపడలేదు.

బోర్డు మారింది. మొన్న మంగళవారం సాయంత్రం ఫోన్ చేస్తే బావగారే ఎత్తారు. ఏం చేస్తున్నారు బావా అని అడిగాను. హాల్లో కుర్చీలు పక్కపక్కన వేసుకుని కూర్చున్నామని, మీ అక్కకి కిటికీ సీటు ఇచ్చానని, ఇంకా చాలా దూరం ఉంది తర్వాత చెయ్యమని చెప్పి పెట్టేశారు. వెనకాల అక్క నవ్వు వినపడింది. గొంతు బాగానే ఉంది.

మరి వాళ్ళ ఇబ్బంది తీరిపోయిందిగా, ఇంకా ఈ గోల దేనికని మీరంటారు. అందరికీ మంగళవారాలు ఉండవండీ! ఒకే కప్పు కింద ఉంటూ, ఏదో ఒక రోజు తీరిక దొరుకుతుందన్న నమ్మకంతో మాటలన్నీ మూటగట్టి పెట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు? హాలుకీ వంటగదికీ మధ్య దూరాన్ని దాటించే విమానం ఎవరైనా నడుపుతున్నారా? దానికి మ్యాపు ఉందా? లేనప్పుడు, ఆ పదకొండు వేల కిలోమీటర్లయినా మాకు ఉండనివ్వండి. ఇంటర్నెట్ పీకెయ్యండి. హాల్టులు పెంచండి. పైలట్లకి నా మనవి ఒక్కటే, దారిలో ఏదైనా చుట్టు తిరిగే అవకాశం ఉంటే మొహమాటపడకుండా తిప్పండి.

ఇక్కడిదాకా వచ్చేసరికి మా ఆవిడ మూడోసారి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పైకి చదువుతూ రాస్తున్నాను గనక అంతా వింటూనే ఉన్నట్టుంది.

“ఒక్క పేరా మిగిలింది. అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం,” అన్నాను, కాగితం మీంచి తలెత్తకుండా.

ఈసారి ఆవిడ వెళ్ళలేదు. “పోనీ, మనకి కూడా అంత దూరంలో చుట్టాలెవరైనా ఉన్నారేమో కాస్త గుర్తు తెచ్చుకోండి,” అంది.

ఎంత ఆలోచించినా ఒక్కరూ తట్టడం లేదు.